కుందేళ్ల పడక, నేల (కర్నూలు, కడప ప్రాంతం)
పెంపుడు కుందేళ్ల గూట్లో పరిచే బండ, గడ్డి వంటివి. కుందేలు అరికాలికి మెత్తలుండవు, బొచ్చే రక్ష; ఉత్త ఇనుప జాలీ మీద, తడి నేల మీద ఉంచితే మడమలు పుండ్లు పడతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో అన్నిటికన్నా చల్లదనం ముఖ్యం. కుందేలుకు చెమట పట్టి ఒళ్లు చల్లారదు, 30 డిగ్రీలు దాటితే చాలు ఒగరుస్తుంది. ఇక్కడి నాపరాయి బండ ఇందుకు ఎంతో మేలు. పాలిష్ పట్టినది మాత్రం వద్దు, కాళ్లు జారతాయి. ఒక మూల వరిగడ్డి మందంగా పరిచి, తడిసినంత మేర రోజూ తీసేయాలి. మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా ఊపిరితిత్తులకు హాని. ఈనబోయే తల్లి ఆ గడ్డిలోనే తన బొచ్చు పీకి కలిపి పిల్లలకు పడక కడుతుంది. వేరుశనగ పొట్టు ఊరూరా చవకే. కానీ చెమ్మ తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరవచ్చు. పరిచిందల్లా నమిలే కుందేలుకు అది వాడకపోవడమే క్షేమం.