కరణం పోయాక కాగితం ఎవరి చేతికొచ్చింది?

తెలుగు పల్లెల్లో భూమి ఎవరిదో తేల్చింది ఎక్కువగా కరణం లెక్కే. ఆంధ్ర ప్రాంతంలో అడంగల్, తెలంగాణలో పహాణీ అన్న ఆ లెక్కలో సర్వే నంబరు, విస్తీర్ణం, వేసిన పైరు, నీటి వసతి వరసగా ఉండేవి. వాటి మధ్యే పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అని చెప్పే రెండు గడులుండేవి. దున్నుకుంటున్న కౌలుదారు పేరు అనుభవదారు గడిలోకి ఎక్కితే రేపు కోర్టులో నిలబడడానికి అతనికి ఒక ఆధారం దొరికేది. ఎక్కకపోతే ముప్పై ఏళ్లు దున్నినా ఆ పొలంలో అతను లేనట్టే. అందుకే పల్లెలో అధికారం ఎవరిదన్న ప్రశ్న ఆ గడి నింపే కలం ఎవరిదన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది. మన రాష్ట్ర ప్రభుత్వం 1980లలో ఆ కలాన్ని వంశాల చేతిలోంచి తీసింది. అదే ఊపులో మండలమనే కొత్త పాలనా విభాగాన్ని తెచ్చి, దాని అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకునే ఏర్పాటు చేసింది. ఇందులో పాలనకు సంబంధించిన సగం నిలిచింది, ఎన్నికలకు సంబంధించిన సగం నిలవలేదు. తర్వాతి నలభై ఏళ్లలో స్థానిక పాలన బలహీనపడడానికి మూలం ఈ తేడాలోనే ఉందని నా వాదన.

కరణీకం, మునసబు గిరీ వంశపారంపర్యంగా నడవడం ఆచారంగా మొదలై చట్టంగా స్థిరపడింది. మద్రాసు ప్రభుత్వం 1895లో తెచ్చిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం, ఒక గ్రామాన్ని రెండుగా విడదీసినా కొత్త కొలువుకు పాత ఉద్యోగి కుటుంబంలోంచే మనిషిని ఎంచాలని చెప్పింది. నిజాం రాజ్యంలో పటేల్, పట్వారీల వతన్లది, అంటే వంశపారంపర్య కొలువులది, కూడా ఇదే తీరు. రాజ్యాంగం వచ్చాక ఈ ఆచారం తెనాలి తాలూకా పెరవలిపాలెం దగ్గర చిక్కుల్లో పడింది. 1956లో పెరవలి నుంచి విడదీసిన ఆ గ్రామానికి మునసబు కావాల్సి వచ్చినప్పుడు, బయటివాడికి ఇచ్చిన నియామకం నిలవలేదు. పాత మునసబు కుటుంబానికే చట్టం మొగ్గు చూపింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వోద్యోగంలో వంశాన్ని బట్టి వివక్ష చూపరాదన్న పదహారో అధికరణానికి ఆ సెక్షన్ విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు కొట్టేసింది. అంటే వారసత్వానికి చట్టపరమైన పునాది అప్పుడే కదిలింది. అయినా ఊళ్లలో అదే కుటుంబాల పెత్తనం మరో రెండు దశాబ్దాలకు పైగా సాగింది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో కరణం, మునసబు వంటి పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులన్నిటినీ రద్దు చేసింది. తమిళనాడు 1980లోనే ఈ పని చేసింది, సుప్రీంకోర్టు 1982లో దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సును కూడా 1985లో అదే కోర్టు నిలబెట్టింది. ఈ రద్దుపై అభ్యంతరాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ వినిపిస్తాయి. కరణాలందరూ దొరలు కారు. కొద్దిపాటి జీతంతో ఊరి లెక్కలన్నీ నోటికి చెప్పగలిగిన పేద కరణాలు చాలామంది ఉన్నారు. వాళ్ల పొట్ట కొట్టడం అన్యాయమని, సభలో చర్చించాల్సిన విషయాన్ని ఆర్డినెన్సుతో తేల్చేయడం తొందరపాటని అన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ వ్యక్తులు మంచివాళ్లైనంత మాత్రాన పదవి న్యాయమైనది కాదు. పుట్టుకతో వచ్చిన కలాన్ని ఊరు ప్రశ్నించలేదు, మార్చనూ లేదు. ఆ స్థితిని ముగించడం తప్పనిసరి.

అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. కలం కరణం ఇంట్లోంచి బయటపడ్డాక ఎవరికి జవాబుదారీ కావాలి? ప్రభుత్వం దీనికి రెండు జవాబులు ఒకేసారి ఇచ్చింది. 1985లో తాలూకాలను, ఫిర్కాలను తీసేసి సుమారు 1,100 రెవెన్యూ మండలాలు ఏర్పాటు చేసింది. దాంతో ఎమ్మార్వో కచేరీ రైతుకు దగ్గరైంది. 1986 చట్టంతో, 1959 నుంచి నడుస్తున్న పంచాయతీ సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. 1987 ఎన్నికల్లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు. మహిళలకు 9 శాతం, వెనుకబడిన తరగతులకు 20 శాతం స్థానాలు కేటాయించారు. సమితి రోజుల్లో కొన్ని పెద్ద కుటుంబాల గుప్పిట్లో ఉండే అధ్యక్ష పీఠానికి అట్టడుగు వర్గాల మనిషి సొంత బలంతో పోటీ చేయగలిగే వీలు ఇలా కలిగింది.

ఆ ఏర్పాటు బరువు అంకెల్లో కనిపిస్తుంది. అప్పటి శాసనసభ స్థానాలు 294, మండలాలు సుమారు 1,100. ఒక్కో ఎమ్మెల్యే పరిధిలో ముగ్గురు నలుగురు మండలాధ్యక్షులు ప్రజల ఓటుతో నేరుగా గెలిచి కూర్చున్నారన్న మాట. జిల్లా పరిషత్ అధ్యక్షుడి సంగతి ఇంకా పెద్దది. రాష్ట్రానికి 42 లోక్‌సభ స్థానాలుంటే జిల్లాలు వాటిలో దాదాపు సగమే. కాబట్టి పట్టణాలను మినహాయించినా అతనికి ఓటు వేసే జనం సగటున ఒక ఎంపీకి ఓటు వేసే జనం కంటే ఎక్కువే. అంత ప్రజాబలమున్న మనిషి కలెక్టర్‌తోనైనా మంత్రితోనైనా మాట్లాడే తీరే వేరు. తన నియోజకవర్గంలో తనకు సాటి నాయకులు పుట్టుకొస్తుంటే ఏ పార్టీ ఎమ్మెల్యేకైనా ఇబ్బందే. ఆ ఇబ్బందే స్థానిక ప్రభుత్వానికి ఊపిరి.

1994 పంచాయతీరాజ్ చట్టంతో ఈ పద్ధతి మారింది. మండల ప్రాదేశిక సభ్యులను (ఎంపీటీసీలను) ప్రజలు ఎన్నుకుంటారు, అధ్యక్షుణ్ణి ఎంపీటీసీలు ఎన్నుకుంటారు. దీనికి ఎమ్మెల్యేలను తప్పుపట్టడం సరికాదని, 73వ రాజ్యాంగ సవరణే మధ్య, జిల్లా స్థాయి అధ్యక్షులను సభ్యుల్లోంచి సభ్యులే ఎన్నుకోవాలని విధించిందని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజం. అధ్యక్షుడి ఎన్నిక విషయంలో రాష్ట్రానికి వేరే దారి లేదు. కానీ అదే సవరణ 29 అంశాల జాబితా ఇచ్చి, వాటిలో ఎన్ని అధికారాలు కిందికి ఇవ్వాలో రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేసింది. పరోక్ష ఎన్నికతో తగ్గిన బలాన్ని నిధులతో, సిబ్బందితో, బాధ్యతలతో పూడ్చే అవకాశం సభ చేతిలోనే ఉంది. దాన్ని సభ వాడుకోలేదు. ఎన్నికైన సర్పంచిని తొలగించే అధికారాన్ని మాత్రం కలెక్టర్ చేతిలో పెట్టింది. రాజ్యాంగం చేయమన్నదాన్ని చేసి, చేయవచ్చన్నదాన్ని పక్కనపెట్టడం పూర్తిగా శాసనసభ నిర్ణయమే.

ఇక భూమి లెక్క సంగతి. కరణం తర్వాత వచ్చిన ఉద్యోగాల పేర్లు ఎన్నో సార్లు మారాయి. తెలంగాణ 2020లో చట్టం చేసి వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పదవినే రద్దు చేసింది, 2025లో గ్రామ పాలన అధికారుల్ని తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలుపెట్టింది. ఈ మార్పులకు తరచూ చెప్పిన కారణం అవినీతి పోవాలని. అయితే కొత్త పేరుతో వచ్చిన ప్రతి ఉద్యోగీ పైఅధికారికే జవాబుదారీ. గ్రామసభ ముందు నిలబడి లెక్క చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ రాలేదు. రికార్డును పంచాయతీ చేతిలో పెడితే ముఠా తగాదాలు కాగితంలోకి ఎక్కుతాయని అనుభవజ్ఞులైన రెవెన్యూ అధికారులే హెచ్చరిస్తారు. ఆ భయం సబబైనదే. సర్పంచి అడంగల్ రాయాలని నేననడం లేదు. రాసేది ఉద్యోగే కావాలి. రాసింది ఏటా గ్రామసభలో అందరి ముందు చదవాలి. అభ్యంతరం చెప్పినవారి మాట నమోదు చేయాలి. దాన్ని పరిష్కరించారో లేదో అడిగే హక్కు ఎన్నికైన పంచాయతీకి ఉండాలి. కలం ఉద్యోగి చేతిలో ఉండవచ్చు. కాపలా మాత్రం ఊరిదై ఉండాలి.

ఆ కాపలా కాయాల్సిన పంచాయతీలే గడువు ప్రకారం ఏర్పడకపోవడం మరో కీడు. అయిదేళ్లు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగం స్పష్టంగా చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఎన్నికైన పంచాయతీల గడువు 2011లో తీరితే మళ్లీ ఎన్నికలు జరిగింది 2013లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో గడువు తీరితే 2021లో, తెలంగాణలో 2024 మొదట్లో తీరితే 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యకాలంలో ప్రత్యేకాధికారులు ఏలారు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్సుతో అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తే హైకోర్టు కొట్టేయాల్సి వచ్చింది. రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసులు, కోవిడ్ అని ప్రతి ఆలస్యానికీ ఒక కారణం చెప్పారు. వాటిలో కొన్ని నిజమైన కారణాలే. కానీ అవే ఇబ్బందుల మధ్య శాసనసభ ఎన్నికలు రెండేళ్లు వాయిదా పడిన సందర్భం ఈ నలభై ఏళ్లలో మన రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. తమ గడువు విషయంలో పాటించే నియమాన్ని సర్పంచి గడువుకూ పాటించగలరని ఇదే చెబుతోంది.

పాలనా సంస్కరణ బిల్లు సభకు వచ్చిన ప్రతిసారీ కొత్త కచేరీలు ఎన్ని, పదవి పేరు ఏమిటి అన్న చర్చే పెద్దదవుతోంది. ఓటరుగా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ బిల్లు వల్ల ఎన్నికైన మనిషి చేతికి అదనంగా ఏమొచ్చింది, అతను ఎవరికి లెక్క చెప్పాలి? వంశం చేతిలోంచి కాగితం బయటపడినా శాసనసభ దాన్ని ఇంకా ఊరి ముందు పరచలేదు. ఆ బాకీ తీర్చమని మీ ఎమ్మెల్యేను పేరు పెట్టి అడగండి.