దామగుండము అడవి - సముద్రవార్తలు

వికారాబాదు చెంత, పూడూరు మండలమునందలి దామగుండము అడవిలో 2024 అక్టోబరు 15న నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. సముద్రములేని సీమలో నౌకాదళమునకేమి పనియని తాండూరు పెద్దలొకరు నన్నడిగిరి.

సామాన్య రేడియో తరంగము ఉప్పునీటిలో చొరజాలదు. పది కిలోమీటర్లకు మించిన పొడవుగల తరంగమే నీట మునిగిన జలాంతర్గామిని చేరును; అదియు కొన్ని మీటర్ల లోతువరకే. దానిని వెలువరించుటకు ఎత్తైన స్తంభములు, విశాలమైన నేల వలయును. ఇట్టి కేంద్రము 1990లో తిరునల్వేలి సీమయందు వెలసినది.

శత్రువు స్తంభములను కూల్చినను వార్త యాగరాదని అమెరికావారు 1960 దశకమున వేరుపాయము పన్నిరి. విమానమునుండి మైళ్లకొలది తీగను వ్రేలాడదీసి, అందిన వార్తను ఆకసమునుండియే కడలికి పంపిరి. ఎంత చిత్రము!

మనవారు నేలకేంద్రమునే యెన్నుకొనిరి. దానికై కేటాయించినది సుమారు 2,900 ఎకరముల అడవి. మూసీ పుట్టినది ఆ ప్రాంతపు అనంతగిరి కొండలలోనే; కావున నీటికై జనులు కలతచెందుట నాకు న్యాయముగనే తోచినది. అడవిలోని రామలింగేశ్వరాలయమునకు దారి మూయరాదని గ్రామస్థులు కోరిరి. నేనును అదియే కోరుచున్నాను.