నిత్యజీవిత బోధ: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక క్రైస్తవ సంప్రదాయం

చేతిలోని పనిలో, ఊరికి వచ్చిన కష్టంలో, ఆ వారం విన్న వార్తలో దేవుని మాటకు అర్థం వెతికి చెప్పే పద్ధతిని ఇక్కడ నిత్యజీవిత బోధ అంటున్నాం. గుంటూరు నుంచి తెనాలి వచ్చే రైలుమార్గంలో ఉన్న అంగలకుదురు మొదలుకొని దక్షిణాన బాపట్ల వరకు, కృష్ణ ఒడ్డున రేపల్లె వరకు ఉన్న మాగాణి ప్రాంతంలో తెలుగు క్రైస్తవం చాలావరకు ఈ పద్ధతిలోనే ఊళ్లలోకి వచ్చింది. విత్తనం, పులిపిండి, చేపల వల, పోయిన నాణెం వంటి యేసు ఉపమానాలే దీనికి మూలం. ఇక్కడ అది వేళ్లూనడానికి కారణం వినేవాళ్లు. తొలి సంఘాల్లో ఎక్కువమంది చదువు అందని కూలీలు, తోలు పనివాళ్లు. పుస్తకం కంటే ముందు వాళ్లకు అందింది మాట.

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆ మిషన్ పనిలోంచే 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది. తెనాలి, రేపల్లె వైపు లూథరన్లు, బాపట్ల వైపు అమెరికన్ బాప్తిస్టులు పనిచేశారు. అయితే ఊళ్లలో అసలు బోధ జరిగింది దొరల ప్రసంగాలతో కాదు, స్థానిక ఉపదేశుల సంభాషణతో. డెల్టాకు దక్షిణాన ఒంగోలు ప్రాంతపు తాళ్ల కొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. సరుకు కోసం ఉత్తర దిశగా వెళ్లినచోట మిషనరీల మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక, వ్యాపారంలో తిరిగిన పరిచయాలున్న పల్లెలకే ఆ కబురు మోశాడు. ఇటువంటి మాదిగ బోధకుల జీవితాలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో గ్రంథస్థం చేసింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలన్న భావంతో ఆ పుస్తకానికి పేరు పెట్టింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఘట్టం ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు (1876-78). మద్రాసు నుంచి పెదగంజాం వైపు తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైచిలుకు పనిని ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కాంట్రాక్టుగా తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు మట్టిపని, కూలి దొరికాయి. తట్టలు దించి కూర్చున్న జనానికి బోధకులు చెప్పిన వాక్యం మత్తయి సువార్తలోది: ప్రయాసపడి భారం మోసేవాళ్లను తన దగ్గరికి రమ్మనే యేసు పిలుపు. నెత్తిన తట్ట మోసి అలసినవాడికి ఆ మాటను విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

క్లౌ చేసిన మరో పని నా దృష్టిలో అంతకంటే గొప్పది. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం అందుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి ఆగాక కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

డెల్టా సంఘాల్లో ఈ బోధ కొంత నెమ్మదైన రూపం తీసుకుంది. గోధుమల్లో శత్రువు గురుగులు చల్లిన ఉపమానం కలుపు తీసే ఆడవాళ్లకు కొత్త సంగతి కాదు. ఊద మొక్క లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. తొందరపడి పీకితే దుబ్బు కూడా కదులుతుంది. కోతదాకా ఓర్చుకోమన్న యజమాని మాటలోని జాగ్రత్త వాళ్లకు వేళ్లతో తెలుసు. వంటకు కొలిచిన బియ్యంలోంచి దేవుడి పేరుతో పిడికెడు తీసి పక్కన పెట్టడం, కోతపండుగకు తొలి ధాన్యం, కోడి, గుమ్మడికాయ తెచ్చి చర్చి ఆవరణలో వేలం పాడటం ఇదే దారిలో వచ్చిన ఆచారాలు. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) తన మండలంలో కోతపండుగను ఆరాధనలో భాగంగా ప్రోత్సహించాడు. గృహకూడికల్లో చెప్పే సాక్ష్యం మరింత సూటిగా ఉంటుంది. బిడ్డ జ్వరం, తీరిన అప్పు, పాసైన పరీక్ష చెప్పి, అందులో దేవుని చెయ్యి ఎక్కడ కనిపించిందో పదిమందిలో పంచుకుంటారు.

సాహిత్యంలో ఈ చూపును శిఖరానికి చేర్చినవాడు వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895-1971). తన కావ్యంలో పేదవాడి గుడిసెలోకి వచ్చే గబ్బిలాన్నే దేవుడి దగ్గరికి దూతగా పంపాడు. ఆయన మరో కావ్యం 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈ పద్ధతికి చీకటి వైపు కూడా ఉంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన సెటిల్‌మెంటును 1910ల నుంచి సాల్వేషన్ ఆర్మీ నడిపింది. శ్రమే సంస్కారమన్న పాఠాన్ని, హాజరు పట్టీ దాటి బయటికి వెళ్లే స్వేచ్ఛ లేనివాళ్లకు చెప్పారు. వినేవాడికి కాదనే హక్కు లేనప్పుడు అది బోధ అనిపించుకోదు.

ఇంకో ప్రమాదం విపత్తుల వేళ వస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన తుఫాను, ఉప్పెన రేపల్లెకు ఎదురుగా నది అవతల ఉన్న దివిసీమను ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. ఇటువంటి సమయాల్లో చావును పాపానికి శిక్షగా చెప్పే గొంతులు లేస్తూనే ఉంటాయి. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరుల కంటే పాపులు కారని యేసే చెప్పాడు. శవాల మీద తీర్పు చెప్పడానికి సువార్తలో అనుమతి లేదు. దివిసీమలో తుఫాను షెల్టర్లు, ఇళ్లు కట్టడానికి దిగిన కాసా వంటి క్రైస్తవ సేవాసంస్థలు ఆ అధ్యాయాన్ని సరిగ్గా చదివినట్లు లెక్క.

పొలం మారుతున్నకొద్దీ బోధ కూడా మారుతోంది. వరికోత యంత్రాలు వచ్చాక తూర్పారబట్టడం చూడని పిల్లలకు పొట్టు, గింజల పోలికను వివరించి చెప్పాల్సి వస్తోంది. మరోవైపు, ఊడ్పు కూలి భారమై పశ్చిమ డెల్టాలో చాలామంది రైతులు నేరుగా విత్తనం చల్లే వెద పద్ధతికి మళ్లారు. నారు నాటే ఊళ్లలో కొంచెం దూరంగా అనిపించే విత్తువాడి ఉపమానం దీంతో దగ్గరికొచ్చింది. వెద చేలలో ఊద బెడద కూడా ఎక్కువే.