అతుకుల శిల్పం: అమరావతి ప్రాకారం నుంచి ఆటోనగర్ తుక్కు ఇనుము దాకా

కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద బెజవాడ వైపు వస్తే పోరంకి, కానూరు దాటాక బండ్ల మరమ్మతులకు పేరున్న ఆటోనగర్ తగులుతుంది. ఇంకా ముందుకెళ్తే స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. 2024 జనవరి 19న దాన్ని ఆవిష్కరించారు. అమరావతి ధ్యానబుద్ధుడి ఎత్తూ 125 అడుగులే. బహిరంగ శిల్పం అనగానే నేడు మొదట ఎత్తే చెబుతున్నారు. ఇదే గడ్డ మీద పూర్వపు శిల్పులు భారీతనాన్ని మరో విధంగా సాధించారు. చిన్న రాళ్ళను ఎలా కలపాలన్నదే వారి అసలు సమస్య. దానికి జవాబు ప్రకృతిలో వెతికారన్నది నా ప్రతిపాదన.

అమరావతి మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం వ్యాసం సుమారు 50 మీటర్లు. దాని చుట్టూ పల్నాటి సున్నపురాతి ప్రాకారం ఉండేది. నిలువు స్తంభం నడుమ నిండు తామర, పైనా కిందా సగం తామరలు. స్తంభాల మధ్య దూర్చిన అడ్డపట్టెల మీదా తామరే. అంటే పువ్వు అలంకారంగా పైపైన అంటించినది కాదు, కట్టడపు లెక్కలోనే పుట్టింది. అన్నిటి పైన పరిచిన ఉష్ణీషపు రాళ్ళ మీద మనుషులు మోసే లావుపాటి పూలదండ అలలా లేస్తూ వాలుతూ సాగుతుంది. రాయి ఆగిన చోట దండ ఆగదు. ప్రదక్షిణ చేసేవారి చూపు అతుకు మీద నిలవకుండా ముందుకు జారిపోయేది. ఇంత తెలివైన పరిష్కారం భారతీయ శిల్పంలో అరుదని నా అభిప్రాయం.

స్తూపపు అండం, అంటే గుమ్మటం, కింది పలకలది మరో విశేషం. వాటి మీద చెక్కింది స్తూపాన్నే. గుమ్మం దగ్గరి సింహాలు, వరుసగా నిలిచే ఐదు ఆయక స్తంభాలు, పూర్ణఘటాలు అన్నీ ఒక్క పలకలో ఇమిడాయి. వాస్తువే ఇక్కడ శిల్పానికి వస్తువు. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలకకైతే రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు బోధివృక్ష పూజ, తర్వాతి కాలంలో చెక్కిన రెండో వైపు స్తూపం.

వీటికి డబ్బు రాజుల నుంచి మాత్రమే రాలేదు. ఒక పూర్ణఘటపు పలకను సమర్పించిన వాడు విధికుడనే చర్మకారుడు, తన కుటుంబంతో కలిసి. శాసనం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. భిక్షుణులు, వర్తకులు కూడా దాతల్లో ఉన్నారు. బహిరంగ కళ అన్న మాటకు ఇంతకంటే బలమైన ఆధారం నాకు కనబడలేదు.

నేటి కృష్ణా డెల్టాలో చిన్న ముక్కలను కలిపే ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చింది ఇనుప తుక్కుతో పనిచేసే శిల్పులే. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే పడకండ్ల శ్రీనివాస్ వాహనాల తుక్కును శిల్పంగా మలిచారు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర సుమారు 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం చేశారు. మూర్తి చిత్రణలో పోలిక కుదరాలి కాబట్టి నట్టు ఒక చర్మంలా పరుచుకోవాల్సి వస్తుంది. పక్షినో జంతువునో చేసేటప్పుడు ఆ నిర్బంధం సడలుతుంది. గొలుసు వెన్నెముక కావచ్చు, పళ్ళచక్రం కన్ను కావచ్చు. తుక్కు శిల్పి బలం ఇక్కడే ఎక్కువని నా అంచనా.

షికాగోలో అనీష్ కపూర్ రూపొందించిన క్లౌడ్ గేట్ శిల్పానికి 168 ఉక్కు పలకలు అతికి, అతుకు కనబడకుండా సానబట్టారు. అమరావతి శిల్పి అతుకును దండతో దాటించాడు. తెనాలి శిల్పి దాన్ని దాచడు. వెల్డింగు గీత, బోల్టు తల చూసేవారికి తెలిసిపోతాయి, ఇది నిన్న మొన్నటి దాకా బండి భాగమేనని.

అయితే తెరిచి ఉన్న అతుకులోకే నీరు చేరుతుంది. డెల్టా తేమగాలికి ఇనుము తుప్పు పట్టేది ముందు ఆ సందుల్లోనే. శిల్పం నిలబెట్టే నగరపాలక సంస్థలు, పంచాయతీలు రంగుకూ శుభ్రతకూ ఏటా అయ్యే ఖర్చును మొదటి అంచనాలోనే రాసుకోవాలి, ఆ పని చూసే బాధ్యత శిల్పికి అప్పగించాలి.