కోటను కాచేది గోడ ఒక్కటేనా?

కిందటి వేసవి సెలవుల్లో మా గజపతినగరం స్టేషన్లో రైలెక్కి పిల్లలతో సహా బొబ్బిలి వెళ్ళాము. మా పుట్టిల్లు ఆ వైపే. యుద్ధ స్మారక స్తంభం దగ్గర నిలబడి మా చిన్నవాడు నాలుగు పక్కలా చూసి, "అమ్మా, యుద్ధం జరిగిన కోట ఏదీ?" అని అడిగాడు. ఊళ్ళో ఇప్పుడున్న కోట తరవాతి కాలంలో కట్టినదనీ, యుద్ధం నాటిది మట్టికోట అనీ, అది యుద్ధంలోనే నాశనమైపోయిందనీ చెప్పాను. "మట్టి గోడతో ఫిరంగులకి ఎదురు నిలిచారా?" అని వాడు నవ్వాడు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నేను మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని. పిల్లవాడికి సరైన జవాబు చెప్పాలని గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు తెచ్చుకుని, మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకున్నాక చదవడం మొదలుపెట్టాను. అందులో నాకు తెలిసిన సంగతులు మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

ముందు మట్టి గోడ సంగతి చూద్దాం. మట్టి అంటే చులకన మనకి. కాని మట్టి గోడ పెట్టించిన ఇల్లాలికి దాని సత్తా తెలుసు. మట్టిని బాగా తొక్కించి, ఒక వరస పెట్టి, అది ఎండి గట్టిపడ్డాకనే పై వరస పెట్టాలి. తొందరపడితే గోడ కూలుతుంది. మన ప్రాంతపు కోటల గోడలు కూడా అచ్చం ఇలాగే, వరస తరవాత వరస ఎండబెట్టుకుంటూ కట్టేవారని ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు రాశాడు. కోట చుట్టూ దట్టమైన అడవిని పెంచి, లోపలికి ఇరుకైన, వంకర టింకర దారి ఒక్కటే ఉంచేవారట. మూలల్లో గుండ్రని బురుజులు. అడవి మొదటి గోడ, మట్టి రెండో గోడ అన్నమాట.

ఈ మట్టి గోడ గొప్ప చూడాలంటే కాకతీయుల ఓరుగల్లుకి వెళ్ళాలి. గణపతిదేవ చక్రవర్తి అక్కడ రాతికోట మొదలుపెట్టాడు. ఆయన కూతురు రుద్రమదేవి 1262లో ఆయన తరవాత రాజ్యానికి వచ్చి, ఆ రాతిగోడను 20 అడుగుల ఎత్తుకి లేపించింది. అంతటితో ఊరుకోక, దాని చుట్టూ అడ్డంగా మైలున్నర ఉండే మట్టికోట కట్టించి, బయట 150 అడుగుల వెడల్పున అగడ్త తవ్వించింది. రాతిగోడలో పెద్ద పెద్ద నల్లరాళ్ళు సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి కూర్చుని ఉంటాయి. గోడకి లోపలి వైపున పొడుగునా మెట్లు. శత్రువు ఏ పక్కన నిచ్చెన వేసినా కాపలావాళ్ళు ఆ పక్కకి క్షణంలో ఎక్కెయ్యవచ్చు. ఆడది కోట కట్టిస్తే అలా ఉంటుంది మరి! ఇల్లు కట్టేటప్పుడు మెట్లు ఎక్కడ రావాలో మనకి తెలిసినట్టు మగవాళ్ళకి తెలియదు కదూ!

ఆ రోజుల్లో ఫిరంగులు లేవు. గోడలు పడగొట్టడానికి రాళ్ళు విసిరే యంత్రాలుండేవి. ఢిల్లీ సైన్యాలు వాటిని మంజనీక్ అనేవి. అది ఎలా పనిచేస్తుందో నీళ్ళు తోడే ఏతాం చూసినవారికి చెప్పక్కరలేదు. నిట్రాట మీద పొడుగాటి దూలం. దాని పొట్టి కొసకి బరువు కడతారు, లేకపోతే తాళ్ళు కట్టి పదిమంది ఒక్కసారిగా లాగుతారు. పొడుగు కొస పైకి లేస్తుంది. ఆ కొసని వడిసెలలో పెట్టిన రాయి గాలిలో గిర్రున తిరిగి వెళ్ళి గోడకి తగులుతుంది. పొలానికి నీళ్ళు పెట్టే పనిముట్టుకీ, ఊరిని కూల్చే పనిముట్టుకీ సూత్రం ఒకటే!

1310లో అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించాడు. అప్పుడు రాజు రుద్రమదేవి మనుమడు ప్రతాపరుద్రుడు. ఆ దండయాత్ర గురించి రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, ఆ మట్టి గోడలోకి ఉక్కు బల్లెం దిగలేదనీ, యంత్రం విసిరిన గుండ్లు పిల్లలాడుకునే కాయల్లా వెనక్కి ఎగిరిపడ్డాయనీ అర్థం వచ్చేలా చెప్పాడు. కవి కాబట్టి కాస్త పెంచి చెప్పినా, అందులో నిజం ఉంది. రాతిగోడ దెబ్బకి బీటలు వారుతుంది. మట్టి గోడ దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. చివరికి అగడ్త పూడ్చి వెలికోట ఎక్కగలిగారే గాని, రాతికోట పడకముందే ప్రతాపరుద్రుడు ఏనుగులూ, గుర్రాలూ, ధనమూ ఇచ్చి సంధి చేసుకున్నాడు.

గోడ తరవాత చెప్పుకోవలసినది ఒంటి మీది కవచం. సినిమాల్లో చూసి, మన వీరులందరూ ఇత్తడి పళ్ళేల్లాంటివి కట్టుకుని తిరిగేవారనుకుంటాం. ఐరోపాలో వీరులు నిలువెల్లా ఉక్కు తొడుక్కునేవారు. మన ఎండల్లో అంత ఇనుము మోసుకుని ఎవరు యుద్ధం చెయ్యగలరు? ఇక్కడ ఇనుప కడియాలు అల్లిన కవచాలూ, తోలువీ ఉండేవి. వాటితో పాటు దూది పెట్టి పొరలు పొరలుగా కుట్టిన గుడ్డ కవచాలూ ఉండేవి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, సైనికులకీ గుర్రాలకీ అలాంటి తొడుగులున్నాయని రాశాడు. (ఇది హంపీ విజయనగరం సుమండీ, మన విజయనగరం కాదు.) పాత చీరలు మడతలు పెట్టి మనం కుట్టుకునే బొంత ఉంది చూశారూ, దానికి అన్నగారన్నమాట. దగ్గరగా కుట్టిన దూది కత్తివాటును చాలావరకు ఆపుతుంది.

ఇంతవరకు గోడ, యంత్రం, కవచం. ఇక అసలు సంగతికి వస్తాను.

అంతటి ఓరుగల్లు ఎలా పడిపోయింది? తుగ్లకుల రాకుమారుడు ఉలుగ్ ఖాన్ మొదట ఒకసారి వచ్చి నెలల తరబడి ముట్టడించినా కోట లొంగలేదు. ఇంతలో ఢిల్లీలో సుల్తాను పోయాడన్న పుకారు పుట్టి, సైన్యంలో తిరుగుబాటు లేచి, అతను వెనక్కి పోయాడు. శత్రువు పోయాడు గదా అని ఓరుగల్లులో సంబరాలు చేసుకున్నారు. కోట ధాన్యాగారాలు తెరిచి ఖర్చు పెట్టేశారని చెబుతారు. కొద్ది నెలలకే, 1323లో, ఉలుగ్ ఖాన్ మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. గోడలు అవే, అగడ్తలు అవే. గాదెలు మాత్రం అవి కావు. అయిదు నెలల ముట్టడి తరవాత కోట లొంగిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మదా తీరాన మరణించాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పురిలో ధాన్యం తీసేటప్పుడూ, చోళ్ళ కుండ దించేటప్పుడూ, "అడుగు కనబడనియ్యకే" అనేది. పండగొచ్చినా, పెళ్ళొచ్చినా ఆ అడుగుపొర ముట్టుకోనిచ్చేది కాదు. పిసినారితనం అనుకునేదాన్ని. తుపాను వచ్చి పది రోజులు దారులు మూసుకుపోయిన ఏడు తెలిసింది అదేమిటో. ఓరుగల్లులో ఆ సంబరం నాడు ధాన్యాగారం తాళాలు మా అమ్మలాంటి మనిషి చేతిలో ఉంటే ఎలా ఉండేదో!

గోల్కొండది ఇంకొక కథ. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు దాని ముందు కూర్చున్నాడు. అక్కడ తిండికి లోటు లేదు, మట్టి గొట్టాల గుండా కొండమీదికి నీళ్ళెక్కేవి. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసారులో వినబడే ఏర్పాటు ఈనాటికీ చూస్తున్నాం. ఏనుగులు తలతో కుమ్మకుండా తలుపులకి ఇనుప మేకులు. ఆ అగడ్త పూడ్చడానికి మట్టి సంచులు కావలసి వస్తే, మొదటి సంచి ఔరంగజేబు తన చేత్తోనే కుట్టాడంటారు. గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెడితే అవి మొగలుల మీదికే పేలాయి. చివరికి ఏం జరిగింది? లంచం తిన్న ఒక సర్దారు రాత్రివేళ లోపలినుంచి తలుపు తీశాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే వీరుడు ఒంటినిండా గాయాలయ్యేదాకా పోరాడినా లాభం లేకపోయింది. మేకులన్నీ తలుపుకి బయటి వైపునే గదా ఉంటాయి!

ఇప్పుడు మన బొబ్బిలికి వద్దాం. మా చిన్నవాడి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. వారి సేనాని బుస్సీ శిస్తుల కోసం ఇటు వచ్చినప్పుడు పూసపాటి విజయరామరాజు ఆయనకు దగ్గరయ్యాడు. విజయనగరానికీ బొబ్బిలికీ అప్పటికే పడదు. ఎందుకు పడదంటే, చాలా గొడవలు ఏటి నీళ్ళ దగ్గరే వచ్చాయని ఓర్మ్ రాశాడు. ఒకరి పొలాల మీదుగా ఇంకొకరి పొలాలకి పారే నీటిని మళ్ళించుకోవడం. మన వీధిలో కుళాయి దగ్గర బిందెల తగాదా లాంటిదే, కాకపోతే రాజులది. బొబ్బిలి వదిలి వేరేచోట భూములు తీసుకోమంటే రాజా రంగారావు ఒప్పుకోలేదు.

1757 జనవరి 24 తెల్లవారగానే ఫిరంగులు బురుజుల మీదికి గురిపెట్టారు. కొన్ని గంటలకి గోడలకి గండ్లు పడ్డాయి. ఆ గండ్లలోంచి ఎక్కబోయినవారిని బొబ్బిలివారు మళ్ళీ మళ్ళీ వెనక్కి తోశారు. గోడ పడ్డాక కూడా మధ్యాహ్నం దాకా కోట పడలేదు. ఇక నిలవలేమని తెలిశాక, లోపలి ఆడవాళ్ళనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపి, ఇళ్ళకి నిప్పంటించి, మగవాళ్ళు చివరి పోరుకి వెళ్ళారు. రంగారావు నేలకొరిగాడు. ఒక ముసలాయన పట్టుకొచ్చిన రాజుగారి పసివాడు మాత్రం బతికాడు. మూడు రోజులకి రాత్రివేళ విజయరామరాజు తన గుడారంలో కత్తిపోట్లకి బలయ్యాడు. ఆ పగ తీర్చినవాడు తాండ్ర పాపారాయుడని మనం బుర్రకథల్లో వింటూ వచ్చాం, 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమాలోనూ చూశాం.

నా మెట్టినింటివారు విజయనగరం పక్షం. పెళ్ళైన కొత్తలో బుర్రకథకి వెళ్ళి వచ్చిన రాత్రి మా అత్తగారు, "మీ బొబ్బిలోళ్ళకి పౌరుషం ఎక్కువమ్మా" అన్నారు. "మీవారు పరాయివాళ్ళని తీసుకురాకపోతే సరిపోయేదండీ" అన్నాను నేను. రెండు రోజులు ఇద్దరం ముభావంగా ఉన్నాం! మూడో రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడే, "పాపం, ఆ పిల్లలేం చేశారే" అన్నారు. అప్పుడు ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆ మాట మీదనే నేను ఆగిపోతాను. ఓరుగల్లులో గాదె లేక పోయింది, గోల్కొండలో నమ్మకం లేక పోయింది. బొబ్బిలిలో గాదె ఖాళీ కాలేదు, లోపలివారిలో ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. లేనిదల్లా ఇరుగుపొరుగు. ఏటి నీళ్ళ దగ్గర కూర్చుని తెంపుకోవలసిన తగువు ఫిరంగుల దాకా వచ్చింది. అందులో గెలిచిందెవరు? రంగారావు లేడు, విజయరామరాజు లేడు. ఆ ఫ్రెంచివారు కూడా 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువారి చేతిలో ఓడి, త్వరలోనే ఈ సీమ వదిలిపోయారు. ఆ ఇంగ్లీషువారిని పిలిచింది మళ్ళీ విజయనగరమే!

కోటలోని ఆడవాళ్ళ చావును పౌరుషమని పాడతారు. ఆనాటి వారి భయం మనకి తెలియదు, వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కాని చంపే ముందు వారినెవరైనా అడిగారా అన్న ప్రశ్న నన్ను వదలదు. రాణి మల్లమ్మ పేరు మనకి తెలుసు. అంబలి కాచినవారు, బిడ్డలకి పాలిస్తున్నవారు, ఆ ఉదయం నీళ్ళు తోడుతున్నవారు ఎంతమందో, వారి పేర్లు ఏ పాటలోనూ లేవు.

ఇంటికి వచ్చాక మా చిన్నవాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మట్టి గోడని చూసి నవ్వకూడదనీ, అది చెయ్యగలిగినంతా చేసిందనీ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే అమ్మా, ఆ ఏటి నీళ్ళ తగువు తరవాతైనా తీరిందా?" అని అడిగాడు. జవాబు చెప్పలేక ఇంకో పుస్తకం తెచ్చుకున్నాను.

మీరు కూడా ఈసారి బొబ్బిలి వెళ్ళినప్పుడు ఆ స్తంభం దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. పిల్లలకి పాపారాయుడి కత్తి గురించి చెప్పండి, తప్పులేదు. దానితోపాటు ఆ లోపలున్న తల్లుల గురించి కూడా ఒక మాట చెప్పండి. ఉంటాను మరి, సెలవు.