పెద్ద గిరాకీని వదులుకున్న పార్సిల్ బండి

1907లో సియాటిల్‌లో పందొమ్మిదేళ్ల జిమ్ కేసీ, స్నేహితుడు క్లాడ్ ర్యాన్‌తో కలిసి, 100 డాలర్ల అప్పుతో కబుర్లు చేరవేసే సంస్థ పెట్టాడు. ఇళ్లలోకి టెలిఫోన్లు రాగానే కబుర్ల పని పల్చబడింది. అప్పుడు దుకాణాల పొట్లాలు మోయడం మొదలుపెట్టారు. 1919లో యునైటెడ్ పార్సిల్ సర్వీస్ (యూపీఎస్) అన్న పేరొచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ పనీ సన్నగిల్లింది. కార్లు కొన్న అమెరికన్లు శివారు మాల్స్‌కి వెళ్లి, కొన్న సరుకు తామే డిక్కీలో వేసుకొచ్చేవారు. అయినా యూపీఎస్ మనుషుల్ని తగ్గించుకుని కూర్చోలేదు. ఎవరి పార్సిలైనా మోసే అనుమతి కోసం రాష్ట్రం వెంట రాష్ట్రం పోరాడి, 1975 నాటికి ఒకదానికొకటి ఆనుకుని ఉన్న 48 రాష్ట్రాల్లోనూ తిరిగింది.

ఆ విస్తరణ బరువు పార్ట్‌టైమ్ కూలీల మీద పడింది. 1997 ఆగస్టులో టీమ్‌స్టర్స్ యూనియన్ తరఫున లక్షా 85 వేల మంది పదిహేను రోజులు సమ్మె చేసి, 10,000 పూర్తికాలపు ఉద్యోగాలకు కంపెనీని ఒప్పించారు.

అదే యూనియన్‌తో కుదిరిన 2023 ఒప్పందంతో జీతాలు మళ్లీ బాగా పెరిగాయి. కొద్ది నెలలకే, 2024 జనవరిలో, 12,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. జీతాలు పెరగడం వల్లేనని చాలామంది తేల్చేశారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. ఆ కోతలో ఎక్కువమంది యూనియన్‌కు బయటి మేనేజర్లు. అసలు తిరకాసు అమెజాన్‌తో ఉంది. 2024లో యూపీఎస్ ఆదాయంలో దాదాపు 12 శాతం దానిదే, లాభం మాత్రం తక్కువ. పైగా అమెజాన్ సొంత వ్యాన్లు దింపింది. 2025 జనవరిలో సీఈఓ కేరల్ టోమే ఆ సరుకును 2026 ద్వితీయార్ధానికల్లా సగానికి పైగా తగ్గిస్తామన్నారు. 1950లలో గిరాకీ తనంతట తాను పోతే కంపెనీ పెరిగింది. ఈసారి తానే వదులుకుని తగ్గింది.

సరుకు సగమైతే అన్ని గోదాములెందుకు? 2025 ఏప్రిల్‌లో 20,000 ఉద్యోగాల కోత అన్నారు. అక్టోబరుకు ఆ లెక్క 48,000 అయింది: డ్రైవర్లు, గోదాము సిబ్బంది 34,000, మిగతావి ఎక్కువగా మేనేజర్ల ఉద్యోగాలు. 93 భవనాలు మూశారు. మిగిలినచోట్ల యంత్రాలతో సరుకు వేరుచేసే పని పెంచారు.

డ్రైవర్లకు మన వీఆర్‌ఎస్ లాంటి పథకం పెట్టారు: సర్వీసు ఏడాదికి 1,800 డాలర్లు. ఒప్పందానికి ఇది విరుద్ధమని, తీసుకోవద్దని యూనియన్ సభ్యులకు చెప్పింది. 2023 ఒప్పందంలో కంపెనీ రాసిచ్చింది 7,500 కొత్త పూర్తికాలపు ఉద్యోగాలు. 2026 జనవరిలో ప్రకటించింది మరో 30,000 దాకా కోత.