నల్లపూసలు ఎక్కడివి?

మా గుడిలో కల్యాణానికి రెండు వారాల ముందు అమ్మవారి నల్లపూసలు తెగిపోయాయి. నేను అలాగే చెప్పాను, "పంతులుగారూ, నల్లపూసలు తెగిపోయాయి" అని. ఆయన ముఖం మారిపోయింది. "అమ్మా, అలా అనకూడదు. పెరిగాయి అనాలి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. పెరగడం అంటే పెద్దవడం కదా? తర్వాత ఆయనే చెప్పారు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. అలాగే తాళి, నల్లపూసలు తెగితే పెరిగాయి అంటారు. నేను డర్బన్‌లో పుట్టి, బడిలో అంతా ఇంగ్లీషులోనే చదువుకుని, యాభై ఎనిమిదేళ్ళకు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినదాన్ని. ఈ మాట ఏ పాఠంలోనూ రాలేదు. మీ నోట్సులో రాసుకోండి.

ఆ పూసలు ఎవరు గుచ్చుతారు అని అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను గుచ్చుతాను అన్నాను. నిజానికి అంతకుముందు ఒక్క పూస కూడా గుచ్చలేదు. నేల మీద వెతికి ఏరితే కొన్ని దొరికాయి, చాలా పోయాయి. కొత్తవి కావాలి. మార్కెట్ దగ్గర పేవ్‌మెంట్ మీద పూసల నగలు అమ్మే ఒక జులూ పెద్దావిడ ఉంది. అందరూ ఆవిడను గోగో అంటారు, అంటే అమ్మమ్మ. ఆవిడ దగ్గర సన్నటి నల్లపూసలు ఉన్నాయి. రెండు పొట్లాలు కొన్నాను. ఎలా గుచ్చాలో కూడా ఆవిడే చూపించింది.

గుడికి వచ్చి సంతోషంగా చెప్పాను. మా కమిటీలో ఒక పెద్దాయన, "జులూ పూసలు అమ్మవారి మెడలోనా?" అన్నారు. నాకు కోపం వచ్చింది, కానీ జవాబు రాలేదు. ఏ భాషలోనూ రాలేదు. ఇంటికి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. తెలుగులో పూస గుచ్చినట్టు చెప్పడం అంటారు, ఒక్క వివరం కూడా వదలకుండా వరసగా చెప్పడం అన్నమాట. నేను అంత బాగా చెప్పలేను. ప్రయత్నిస్తాను.

సౌత్ ఆఫ్రికా ఉత్తరపు అంచున, లింపోపో నది దగ్గర, మాపుంగుబ్వే అనే కొండ ఉంది. 1930లలో అక్కడ బంగారు ఖడ్గమృగం బొమ్మ దొరికింది. ఆ బొమ్మను మా దేశంలో ప్రతి పిల్లా పుస్తకంలో చూస్తుంది. కానీ దాని పక్కనే వేల గాజుపూసలు కూడా దొరికాయని మాకు ఎవరూ చెప్పలేదు. కొండకు దగ్గరలోనే కె-2 అనే ఇంకా పాత ఊరు ఉంది, సుమారు 1000 నుంచి 1220 వరకు మనుషులు అక్కడ ఉన్నారు. అక్కడి చిన్న పూసల గాజును పరీక్షిస్తే అది మన భారత ఉపఖండం వైపు గాజు అని తేలింది. వర్తకులు రుతుపవనాల గాలి పట్టుకుని ఓడల్లో తూర్పు ఆఫ్రికా తీరానికి పూసలు, బట్టలు తెచ్చేవారు. ఏనుగు దంతం, బంగారం తీసుకుని వెళ్ళేవారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. కె-2 వాళ్ళు ఆ చిన్న పూసలను ఊరికే వేసుకోలేదు. వాటిని కరిగించి, మట్టి అచ్చుల్లో పోసి, తమకు నచ్చిన పెద్ద పూసలు చేసుకున్నారు. ఆ పగిలిన అచ్చులు కూడా తవ్వకాల్లో దొరికాయి. అంటే మన వైపు గాజు, ఆఫ్రికా చేతులు, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందటే! మా ముత్తాత ఓడ ఎక్కడానికి ఎంత ముందో చూడండి.

ఆ చిన్న పూసలకు ఇండో-పసిఫిక్ పూసలు అని పేరు. ఆ పేరు పెట్టింది పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట వీటిని చేసేవారు. ఎలా చేశారో తెలుసుకోవడానికి ఆయన వెళ్ళిన చోటు ఒక తెలుగు ఊరు! రేణిగుంటకు, శ్రీకాళహస్తికి మధ్యలో ఉన్న పాపానాయుడుపేట. ఇరవయ్యో శతాబ్దం చివర్లో కూడా అక్కడ పాత పద్ధతిలోనే పూసలు చేస్తున్నారు.

పద్ధతి ఇది. కొలిమిలో గాజు కరిగిస్తారు. లడా అనే పొడవాటి ఇనుప గొట్టానికి ఆ గాజును ముద్దగా పట్టిస్తారు. ముద్ద మధ్యలో బోలుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి, అవతలి వైపు నుంచి కొక్కెంతో పట్టి లాగుతారు. పాకం తీగ సాగినట్టు సన్నటి గాజు గొట్టం సాగుతుంది. మధ్యలో రంధ్రం కూడా దానితోపాటే సాగుతుంది. ఒక్కొక్క పూసకు బెజ్జం పొడవక్కర్లేదు. తర్వాత గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలు కోస్తారు. కోసిన అంచులు కత్తిలా ఉంటాయి. అందుకని బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తారు. అంచులు కరిగి గుండ్రంగా అవుతాయి. బూడిద రంధ్రాలు మూసుకుపోకుండా, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. చివర జల్లెడ పట్టి దండలు గుచ్చుతారు.

ఈ బూడిద సంగతి చదివినప్పుడు నాకు గోగో గుర్తొచ్చింది. ఆవిడ పూసలు కొనే ముందు ఒకటి తీసి అంచును గోటితో గీకి చూస్తుంది. గరుకుగా ఉంటే పక్కన పెట్టేస్తుంది. అలాంటి పూస లోపల ఉండి దారాన్ని కోసేస్తుంది అంటుంది.

తర్వాతి కథ త్వరగా చెప్తాను. పందొమ్మిదో శతాబ్దంలో వెనిస్ నుంచి, బొహీమియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం నుంచి, పూసలు నటాల్‌కు రాసాగాయి. జులూ భాషలో పూసలను ఉబుహ్లాలు అంటారు. అమ్మాయిలు పూసలతో అల్లి అబ్బాయిలకు ప్రేమలేఖల్లాంటివి ఇచ్చేవారు. ఏ రంగుకు ఏ అర్థం అని టూరిస్టుల కోసం పట్టికలు రాస్తారు. గోగో వాటిని చూసి నవ్వుతుంది, ఊరికో అర్థం అంటుంది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్‌కు వచ్చింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది చెరకు తోటలకు, గనులకు, రైల్వేకు ఒప్పంద కూలీలుగా వచ్చారు. మా ముత్తాత, ముత్తవ్వ వాళ్ళలో వాళ్ళే. ముత్తవ్వ మెడలో పసుపుతాడు, నల్లపూసలు తప్ప ఇంకేమీ లేవని మా అమ్మ చెప్పేది. 1913 మార్చిలో కేప్ కోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చారు. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టర్ కాని పెళ్ళి ఈ దేశంలో పెళ్ళి కాదు అని. అంటే ముత్తవ్వ మెడలో పూసలు ఉన్నాయి, చట్టం దృష్టిలో ఆమె భార్య కాదు! ఆ ఏడాది సత్యాగ్రహంలో ఆడవాళ్ళు జైలుకు వెళ్ళడానికి ఇదొక కారణం. 1914లో వచ్చిన చట్టం మన పెళ్ళిళ్ళను ఒప్పుకుంది. అందుకే నల్లపూసలు ఉత్త నగ అంటే నాకు నచ్చదు.

మా అమ్మ నల్లపూసలు గ్రే స్ట్రీట్‌లో ఒక గుజరాతీ కొట్లో కొన్నది. చిన్నప్పుడు నేను కూడా వెంట వెళ్ళాను. అదే బల్ల దగ్గర జులూ ఆడవాళ్ళు కూడా నిలబడి పూసలు కొనుక్కునేవారు. అవే పొట్లాలు, అవే పూసలు. అది చూశాను కానీ అరవై ఏళ్ళు దాని గురించి ఆలోచించలేదు.

గోగో దగ్గర కొన్న పొట్లం వెనక్కి తిప్పి చూశాను. చెక్ దేశంలో తయారైంది అని ఉంది. ఆ పొట్లం తీసుకెళ్ళి పెద్దాయనకు చూపించాను, మాపుంగుబ్వే, పాపానాయుడుపేట అన్నీ చెప్పాను. ఆయన విన్నారు, తల ఊపారు, ఒప్పుకోలేదు. పంతులుగారు మాత్రం పసుపునీళ్ళలో కడిగి తెమ్మన్నారు. కల్యాణం రోజు అమ్మవారి మెడలో పాత పూసలు, కొత్త పూసలు ఒకే దారం మీద ఉన్నాయి. ఏది ఏదో నాకే తెలియలేదు.

ఇప్పుడు శనివారాలు గుడి వెనక హాల్లో ఎనిమిది మందిమి కూర్చుని పూసలు గుచ్చుతున్నాం. మీరూ మొదలుపెట్టాలంటే నాలాగా సన్నపూసలతో మొదలుపెట్టకండి. పూసల సైజు నంబర్ పెరిగితే పూస చిన్నదవుతుంది, నాకు ఇది తలకిందులుగా అనిపించింది. 11 నంబర్ సుమారు 2 మిల్లీమీటర్లు, 8 నంబర్ సుమారు 3. మన వయసు కళ్ళకు 8 మంచిది. నూలుదారం వద్దు, నైలాన్ దారం రెండు పోగులు వేయండి. నేను మొదట నూలుదారంతో గుచ్చిన దండ మూడో రోజే పెరిగింది. చూశారా, ఇప్పుడు సరిగ్గా అన్నాను. బల్ల మీద పాత టవల్ పరిస్తే పూసలు దొర్లిపోవు.

గోగో కూడా ఒక శనివారం వచ్చింది. రెండు నెలలుగా మార్కెట్‌కు రాలేదు నువ్వు అంది నాతో. మనకు దానికి ఒక మాట ఉంది, నల్లపూస అయిపోయావు అంటాం, కనబడడమే మానేశావు అని. అది ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను. చాలాసేపు నవ్వింది. తర్వాత నా దండ తీసుకుని, ముడి వదులుగా ఉంది, మళ్ళీ వెయ్యి అంది.